విస్తళ్లు 20, వడ్డన 21: డ్రైవర్ కోడ్‌లో అర్రే హద్దు దాటకుండా చూసుకోవడం ఎలా

2024 జులై 19, శుక్రవారం. మన టైము ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన విండోస్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న ఫైల్ పంపింది. తప్పు తెలిసి 10:57కి వెనక్కి తీసుకుంది. మధ్యలో గడిచింది 78 నిమిషాలే. ఆలోపు దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్‌ల ఫొటోలు ఆ రోజు మన ఫోన్లన్నీ చుట్టొచ్చాయి.

ఇంతా చేసి జరిగిందేమిటంటే, ఒక రకం టెంప్లేటులో 21 ఫీల్డులు ఉంటాయని ఒకచోట రాసుకున్నారు. కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, నడిచే కోడ్‌కి చేరే అర్రేలో (వరుసగా గదులున్న మెమరీలో) మాత్రం 20 విలువలే ఉన్నాయి. నెలల తరబడి 21వ ఫీల్డులో 'ఏదైనా సరే' అనే గుర్తే ఉండటంతో దాన్ని ఎవరూ చదవలేదు. జులై 19న వచ్చిన ఫైల్ మొదటిసారి ఆ 21వ దాన్ని అడిగింది. కోడ్ వెళ్లి అర్రే చివర దాటి చదివింది. అంతే.

పెళ్లి భోజనాల్లో బంతి వేసేటప్పుడు ఇలాగే అవుతుంది. విస్తళ్లు వేసేవాడు 20 వేస్తాడు. వడ్డించేవాడికి 21 మంది అని ఇంకెవరో చెబుతారు. పెళ్లిలోనైతే వడ్డించేవాడు ఖాళీ నేల చూసి ఆగుతాడు. సీ భాషలో రాసిన కోడ్ ఆగదు. నేల మీదే వడ్డించేస్తుంది.

డ్రైవర్లలో, అంటే పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడించే కోడ్‌లో, హద్దు దాటే తప్పులు నేను చూసినంతలో చాలావరకు ఈ ఒక్క కుదురు నుంచే వస్తాయి: అర్రే సైజు ఒకరి చేతిలో, లెక్క ఇంకొకరి చేతిలో. ఈ రెంటినీ దగ్గరికి తేవడమే కింద చెప్పబోయే అడుగులన్నిటి పని. ఉదాహరణలు లినక్స్ కెర్నెల్ నుంచి తీసుకున్నాను. పద్ధతి మాత్రం చిన్న బోర్డుల మీద నడిచే ఏ ఆర్‌టీఓఎస్‌కైనా (రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కైనా), విండోస్ డ్రైవర్‌కైనా పనికొస్తుంది.

ముందు ఒక బొమ్మ డ్రైవర్

మాట్లాడుకోవడానికి ఒక టచ్‌స్క్రీన్ డ్రైవర్ అనుకుందాం. కంట్రోలర్ చిప్ ఐటూసీ అనే రెండు తీగల లైను మీద ఉంటుంది. వేలు తగిలినప్పుడల్లా ఇంటరప్ట్ (చిప్ పంపే 'నన్ను చూడు' అనే సంకేతం) వస్తుంది, డ్రైవర్ 31 బైట్లు చదువుతుంది. మొదటి బైట్‌లో కింది 4 బిట్లు ఎన్ని వేళ్లు తగిలాయో చెబుతాయి. ఆ తర్వాత వేలికి 6 బైట్ల చొప్పున 5 వేళ్ల సమాచారం. ఒక్కో ఆరు బైట్లలో వేలి ఐడీ, ఎక్స్, వై ఉంటాయి. డ్రైవర్ లోపల 5 వేళ్లకి ఒక అర్రే.

డేటాషీట్ '5 వేళ్లు' అంటుంది. కానీ 4 బిట్లలో 15 దాకా పడుతుంది. చిప్ మతి తప్పి 15 అని చెప్పిందనుకోండి, లూప్ 15 సార్లు తిరుగుతుంది. చదివింది దాచుకునే 31 బైట్ల బఫర్‌లో 91వ బైట్ దాకా చదువుతుంది, 5 గదుల అర్రేలో 15 గదులు నింపుతుంది. ఒకే అంకె, రెండు చోట్ల నష్టం.

చిప్‌కి మతి ఎందుకు తప్పుతుందంటారా? నేను మొదటిసారి ఇలాంటి డ్రైవర్ రాసినప్పుడు బల్ల మీద రోజంతా చక్కగా పనిచేసింది. చార్జర్ పెట్టినప్పుడు మాత్రం అప్పుడప్పుడూ బోర్డు పడిపోయేది. అదీ వైఫై డ్రైవర్‌లో. మూడు రోజులు వైఫై టీమ్‌ని తిట్టుకున్నాం. నాసిరకం చార్జర్ నాయిస్‌కి టచ్ చిప్ లేని వేళ్లను లెక్కపెడుతోందనీ, నా కోడ్ ఆ వేళ్లన్నిటినీ తీసుకెళ్లి పక్కనున్న వైఫై వాళ్ల మెమరీలో రాస్తోందనీ తర్వాత తెలిసింది. ఈ జాతి తప్పుల లక్షణమే అది. నేరం ఒకచోట, శవం ఇంకోచోట.

అడుగు 1: ప్రతి ఇండెక్స్‌కీ 'ఈ అంకె ఎవరు చెప్పారు?' అని అడగండి

కోడ్ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. ఇండెక్స్ అంటే అర్రేలో ఎన్నో గదో చెప్పే అంకె. డ్రైవర్ ఫైల్ తెరిచి చదరపు బ్రాకెట్లు ఉన్న ప్రతి లైనూ, పాయింటర్‌కి (మెమరీ చిరునామాకి) ఏదో కూడుతున్న ప్రతి లైనూ, మెమ్‌కాపీ (మెమరీ కాపీ చేసే ఫంక్షన్) పిలిచిన ప్రతి లైనూ చూడండి. లోపల ఉన్న అంకె ఎక్కడ పుట్టిందో వెనక్కి నడుచుకుంటూ వెళ్లండి. చివరికి నాలుగు ఊళ్లలో ఏదో ఒకటి తగులుతుంది.

యూజర్ దగ్గర్నుంచి వచ్చిందా, అంటే ప్రోగ్రాములు డ్రైవర్‌తో మాట్లాడే ఐఆక్టల్, సిస్‌ఎఫ్‌ఎస్, రైట్ కాల్ లాంటి దారుల ద్వారా? దీన్ని ఎవరూ నమ్మరు, మంచిదే. మన కోడ్‌లోనే పుట్టిందా? దీన్ని అందరూ నమ్ముతారు, కొంతవరకు సబబే. మిగతా రెండింటి దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు: పరికరం చెప్పిన అంకె, ఫర్మ్‌వేర్ లేదా కాన్ఫిగరేషన్ ఫైల్ చెప్పిన అంకె. 'మా చిప్పే కదా', 'మా ఫైలే కదా' అని ఊరుకుంటారు. క్రౌడ్‌స్ట్రైక్‌ని ముంచింది రెండోది, వాళ్ల సొంత ఫైలే.

పరికరాన్ని నమ్మకూడదనడానికి ఇంకా గట్టి కారణాలున్నాయి. పీసీఐ కార్డు పనిలో ఉండగా ఊడిపోతే దాని రిజిస్టర్ (పరికరంలోని చిన్న మెమరీ గది) చదివినప్పుడు ఎర్రర్ రాదు, అన్ని బిట్లూ 1గా ఉన్న విలువ వస్తుంది. 32 బిట్ల రిజిస్టర్‌లో అది 429 కోట్ల పైచిలుకు. దాన్ని అర్రే ఇండెక్స్ అనుకుని వాడితే చెప్పేదేముంది. ఇక యూఎస్‌బీ సంగతికొస్తే, కీబోర్డునని చెప్పుకుంటూ దూరేది నిజంగా కీబోర్డే అని హామీ లేదు. 2017లో గూగుల్‌లో పనిచేస్తున్న ఆండ్రే కొనొవలోవ్, సిజ్‌కాలర్ అనే ఫజ్జర్‌తో (చెత్త ఇన్‌పుట్లు పంపి కోడ్‌ని పరీక్షించే పనిముట్టుతో) దొంగ యూఎస్‌బీ డిస్క్రిప్టర్లు, అంటే పరికరం తన గురించి చెప్పుకునే వివరాలు, పంపి లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్లలో పదుల కొద్దీ లోపాలు బయటికి లాగాడు. ఆ నవంబరులో ఒక్కసారే 14 లోపాల వివరాలు బయటపెట్టాడు.

మన బొమ్మ డ్రైవర్‌కి ఈ పని చేస్తే వేళ్ల లెక్క వెంటనే దొరుకుతుంది. కానీ ఇంకోటి కూడా ఉంది: వేలి ఐడీ. అదీ 4 బిట్లే, దాన్నే చాలామంది స్లాట్ (గది) నంబరుగా అర్రేలో వాడతారు. లెక్కకి చెక్ పెట్టి ఐడీని వదిలేసిన డ్రైవర్లు ఎన్ని చూశానో. రెండు వేళ్లే తగిలినా, వాటిలో ఒకదాని ఐడీ 14 అయితే కొంప మునిగినట్టే.

అడుగు 2: చెక్ రాయండి, ఆ చెక్‌ని అనుమానించండి

కెర్నెల్‌లోని గుడిక్స్ టచ్ డ్రైవర్ చేసే పని చూడండి. పరికరం చెప్పిన వేళ్ల సంఖ్య తన గరిష్ఠం కన్నా ఎక్కువైతే మైనస్ ఈప్రోటో అనే ఎర్రర్ కోడ్‌తో తిప్పి పంపేస్తుంది. పరికరం మాట తప్పింది, ప్రోటోకాల్ ప్రకారం లేదు అని అర్థం. రెండు లైన్లు. మన బొమ్మ డ్రైవర్‌కి కూడా సరిగ్గా ఇదే కావాలి, లెక్కకి ఒకటి, ఐడీకి ఒకటి.

వినడానికి తేలిక. చెక్ ఉండి కూడా పడిపోయిన కోడ్ నేను ఎక్కువ చూశాను. ఎక్కడెక్కడ జారతామంటే:

లెక్కకీ ఇండెక్స్‌కీ చెక్ ఒకటి కాదు. 5 గదుల అర్రేకి లెక్క 5 కావచ్చు, ఇండెక్స్ 5 కాకూడదు, ఎందుకంటే గదుల నంబర్లు 0 నుంచి 4 దాకానే. లెక్కకి 'గరిష్ఠం కన్నా ఎక్కువైతే' సరిపోతుంది, ఇండెక్స్‌కి 'గరిష్ఠానికి సమానమైనా, ఎక్కువైనా' అనాలి. ఒక చోట రాసిన లైన్‌ని ఇంకోచోటికి కాపీ కొట్టినప్పుడు పోయేది ఈ సమానం గుర్తే.

ప్లస్, మైనస్ గుర్తు ఉండే పూర్ణాంకాలు, అంటే సైన్డ్ ఇంట్‌లు. ఇండెక్స్ మైనస్ 1 అయితే 'గరిష్ఠం కన్నా తక్కువే కదా' అని చెక్ దాటిపోతుంది, అర్రే ముందున్న మెమరీ మీద పడుతుంది. డ్రైవర్లలో దీనికి ప్రత్యేకమైన దారి ఒకటుంది. స్లాట్ వెతికే ఫంక్షన్ దొరకనప్పుడు మైనస్ ఈనోఎంట్, అంటే మైనస్ 2 ఇస్తుంది. పిలిచినవాడు చూసుకోకుండా దాన్ని సూటిగా బ్రాకెట్లలో పెట్టేస్తాడు. ఇండెక్స్‌లకి అన్‌సైన్డ్ (మైనస్ ఉండని) టైప్ వాడండి. అయితే వెనక్కి తిరిగే లూపుల్లో జాగ్రత్త: అన్‌సైన్డ్ అంకె సున్నా కన్నా తగ్గదు, 'సున్నా దాకా' అని రాసిన లూప్ సున్నా దాటగానే 429 కోట్లకి ఎగిరి కూర్చుంటుంది.

బిట్‌మ్యాప్‌లో (ఒక్కో గది నిండిందో లేదో ఒక్కో బిట్‌తో చెప్పే పట్టీలో) ఖాళీ గది వెతికే ఫైండ్_ఫస్ట్_జీరో_బిట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఖాళీ లేకపోతే అది మైనస్ ఇవ్వదు, మనం చెప్పిన సైజునే తిరిగిస్తుంది. 32 గదులుంటే 32. అంటే సరిగ్గా ఒక గది అవతల. 'మైనస్ అయితే ఎర్రర్' అని అలవాటుగా చెక్ పెట్టినవాడికి ఇది పట్టుబడదు. అన్ని గదులూ నిండే రోజు టెస్టింగ్‌లో రాదు కాబట్టి కస్టమర్ దగ్గరే మొదటిసారి పడుతుంది.

ఇక కూడిక. 'ఆఫ్‌సెట్ (ఎక్కణ్నుంచి మొదలో చెప్పే అంకె), పొడవు కలిపితే సైజు దాటుతుందా' అని అందరం రాస్తాం. 32 బిట్లలో ఆఫ్‌సెట్ 4,29,49,67,290 అయి, పొడవు 10 అయితే మొత్తం 32 బిట్లలో పట్టక చుట్టు తిరిగి 4 అవుతుంది. 4 సైజు లోపలే కదా, చెక్ నవ్వుతూ దారి వదులుతుంది. కూడకుండా తీసివేతతో రాయండి:

పొడవు > సైజు అయితే తిప్పి పంపు
ఆఫ్‌సెట్ > సైజు − పొడవు అయితే తిప్పి పంపు

వరుస మార్చకండి. మొదటి లైను దాటాకే రెండో లైన్లోని తీసివేతకి అర్థం ఉంటుంది. ఇంకా స్పష్టంగా కావాలంటే కెర్నెల్‌లో చెక్_యాడ్_ఓవర్‌ఫ్లో, చెక్_మల్_ఓవర్‌ఫ్లో ఉన్నాయి, చుట్టు తిరిగితే నిజం అని చెబుతాయి.

చివరగా, చెక్ చేసిన వేరియబుల్, వాడిన వేరియబుల్ ఒకటేనా చూడండి. 32 బిట్ల పొడవుని చెక్ చేసి 16 బిట్ల ఫీల్డులో దాచుకుని, ఆ 16 బిట్ల దానితో మెమరీ అడిగి, మళ్లీ 32 బిట్ల దానితో కాపీ చేసిన కోడ్ ఒకటి నా రివ్యూకి వచ్చింది. రాసినవాడు మంచి ప్రోగ్రామరే.

అడుగు 3: లెక్కపెట్టే చెయ్యి, నింపే చెయ్యి ఒకటే కావాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లకి లినక్స్‌లో యూవీసీ డ్రైవర్ ఉంది. కెమెరా తగిలించగానే తాను ఇవ్వగల ఫార్మాట్లు, ఫ్రేమ్ సైజులు డిస్క్రిప్టర్లుగా చెబుతుంది. డ్రైవర్ వాటి మీద రెండుసార్లు నడుస్తుంది. మొదటిసారి ఎన్ని ఫార్మాట్లు, ఎన్ని ఫ్రేములు అని లెక్కపెట్టి అంత మెమరీ తీసుకుంటుంది. రెండోసారి ఆ మెమరీని నింపుతుంది. లెక్కపెట్టే కోడ్ తనకి తెలిసిన రకాల ఫ్రేములనే లెక్కలోకి తీసుకునేది. నింపే కోడ్‌లో, ఫ్రేములు ఉండని ఫార్మాట్లకి 'ఎదురుచూసే ఫ్రేమ్ రకం' సున్నాగా ఉండేది. ఎవరైనా దుర్మార్గుడు రకం సున్నా అని రాసిన ఫ్రేమ్ డిస్క్రిప్టర్ పంపితే, లెక్కలో లేని ఆ ఫ్రేమ్ నింపేటప్పుడు మాత్రం సరిపోలేది. విస్తరి వేయని చోట వడ్డన.

భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2024-53104 అంటే ఇదే. 2008 నాటి 2.6.26 వెర్షన్ నుంచి కెర్నెల్‌లో ఉంది. 2024 చివర్లో సరిదిద్దారు. 2025 ఫిబ్రవరి ఆండ్రాయిడ్ సెక్యూరిటీ బులెటిన్‌లో గూగుల్ దీన్ని కొందరిపై దాడికి వాడుతున్న సూచనలున్నాయని చెప్పింది. సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఫోన్ తాళం పగలగొట్టిన యూఎస్‌బీ దాడిలో ఇదొక మెట్టు అని అదే నెలలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టింది. మరమ్మతు? లూప్ షరతులో ఒక్క మాట, 'ఫ్రేమ్ రకం సున్నా కాకపోతేనే' అని.

మీ డ్రైవర్లో రెండు నడకల కోడ్ ఉంటే ఇలా చేయండి. 'ఇది లెక్కలోకి వస్తుందా' అనే నిర్ణయాన్ని ఒక చిన్న ఫంక్షన్‌గా విడదీసి రెండు నడకలూ దాన్నే పిలిచేట్టు మార్చండి. ఆ పైన నింపే లూప్‌కి కూడా 'నింపినవి లెక్కకి సమానం అయ్యాయా' అనే చెక్ ఉంచండి. ఒకటి ఉంటే రెండోది ఎందుకు అనిపిస్తుంది. రేపు కొత్త ఫార్మాట్ చేర్చడానికి వచ్చేవాడు మొదటి నడకని మర్చిపోతాడు, అందుకు.

అడుగు 4: మెమరీ అడిగేటప్పుడు గుణకారం మీరు చేయకండి

48 బైట్ల స్ట్రక్చర్లు (ఒకచోట కట్టిన ఫీల్డుల మూటలు) ఎన్ని కావాలో యూజర్ చెబుతాడనుకోండి. 'ఎన్ని × 48' అని కెర్నెల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్ కేమాలాక్‌కి ఇస్తే, 32 బిట్ల మెషీన్ మీద 8,94,78,486 అని అడిగినవాడికి గుణకారం చుట్టు తిరిగి 32 బైట్లు దక్కుతాయి. మొదటి స్ట్రక్చరే దానిలో పట్టదు. కేమాలాక్_అర్రే, కేకాలాక్ ఈ గుణకారాన్ని తామే చేసి, చుట్టు తిరిగితే మెమరీ ఇవ్వకుండా నల్ తిరిగిస్తాయి. వాటినే వాడండి.

స్ట్రక్చర్ చివర సైజు చెప్పని అర్రే, అంటే ఫ్లెక్సిబుల్ అర్రే ఉంటే సైజు సరిగ్గా లెక్కగట్టే స్ట్రక్ట్_సైజ్ మ్యాక్రో ఉంది. పాత కోడ్‌లో చివర 1 గది అర్రే పెట్టి 'మైనస్ 1' లెక్కలు వేసే పద్ధతి కనబడితే మొహమాటపడకుండా మార్చేయండి. కొత్త కంపైలర్లలో, క్లాంగ్ 18 నుంచి, జీసీసీ 15 నుంచి, ఇంకా మంచి సౌకర్యం వచ్చింది: కౌంటెడ్_బై అనే గుర్తు. 'ఈ అర్రేకి లెక్క పక్కనున్న ఫలానా ఫీల్డులో ఉంది' అని కంపైలర్‌కే చెప్పేస్తాం. అర్రేనీ లెక్కనీ ముడివేయడమంటే అక్షరాలా ఇదే. ఒక్క షరతు: మెమరీ తీసుకున్న వెంటనే, అర్రేని ముట్టుకోకముందే లెక్క ఫీల్డు నింపాలి. లేకపోతే లెక్క సున్నా అనుకుని కంపైలర్ మీ మంచి కోడ్‌నే తప్పు పడుతుంది.

అడుగు 5: టేబుళ్లు

ఎర్రర్ పేర్ల టేబుల్, రిజిస్టర్ సెట్టింగుల టేబుల్, మోడ్ టేబుల్ లాంటివి ఎనమ్ (పేర్లు పెట్టిన అంకెల జాబితా) విలువతో ఇండెక్స్ అవుతుంటాయి. ఎనమ్‌లో కొత్త మోడ్ చేరుస్తారు, టేబుల్లో చేర్చరు. సైజు కోసం అంకె రాయకుండా అర్రే_సైజ్ మ్యాక్రో వాడండి. టేబుల్ కింద ఒక స్టాటిక్_అసర్ట్ పెట్టి 'టేబుల్ సైజు ఎనమ్ చివరి విలువకి సమానం' అని రాయండి. తేడా వస్తే కంపైలే అవదు. క్రౌడ్‌స్ట్రైక్ కూడా తర్వాత చేసిన మార్పుల్లో ఒకటి ఇదే: ఫీల్డుల సంఖ్యని కంపైల్ చేసేటప్పుడే సరిచూసుకోవడం.

పీసీఐ, యూఎస్‌బీ, డివైస్ ట్రీ ఐడీ టేబుళ్లు (డ్రైవర్ నడపగల పరికరాల జాబితాలు) వేరే రకం. వాటికి సైజు ఉండదు, చివర ఖాళీ వరుస కనబడేదాకా కెర్నెల్ నడుస్తుంది. ఆ ఖాళీ వరుస మర్చిపోతే టేబుల్ దాటి నడుచుకుంటూ పోతుంది.

అడుగు 6: రింగ్ బఫర్లు, ఫిఫోలు

రింగ్ బఫర్ అంటే చివరికి చేరాక మళ్లీ మొదటి గదికి తిరిగొచ్చే అర్రే, ఫిఫో అంటే ముందొచ్చింది ముందు పోయే వరుస. 2015 మేలో వెనమ్ అని పేరుపడ్డ లోపం గుర్తుందా? క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో నకిలీ ఫ్లాపీ కంట్రోలర్‌కి 512 బైట్ల ఫిఫో. బైట్ వచ్చినప్పుడల్లా స్థానం ఒకటి పెరుగుతుంది, కమాండ్ పూర్తయ్యాక సున్నాకి రావాలి. రెండు కమాండ్లలో అది వెంటనే సున్నాకి వచ్చేది కాదు. వర్చువల్ మెషీన్ లోపలివాడు బైట్లు పంపుతూ పోతే 512 దాటి హోస్ట్ (అసలు కంప్యూటర్) మెమరీలోకి రాసేవాడు. 2004 నుంచీ ఉన్న తప్పు. ఫ్లాపీ డ్రైవ్ వాడకపోయినా ఈ కోడ్ ఉండేది. దాన్ని కనిపెట్టింది క్రౌడ్‌స్ట్రైక్ పరిశోధకుడు జేసన్ గెఫ్నర్. తొమ్మిదేళ్ల తర్వాత అదే సంస్థ అదే జాతి తప్పుతో వార్తల్లోకెక్కింది. విధి అనాలో ఏమనాలో.

సరిదిద్దినవాళ్లు స్థానాన్ని 512తో భాగించి శేషం తీసుకున్నారు. సైజు 512 లాగా 2కి ఏదో ఒక ఘాతం అయితే మాస్క్ వేసినా, అంటే పై బిట్లు చెరిపేసినా, అదే ఫలితం. దీనివల్ల హద్దు దాటడం అసాధ్యం అవుతుంది, నిజమే. కానీ తప్పు అంకె వచ్చిందన్న సంగతి కూడా కనబడకుండా పోతుంది. అందుకే నా లెక్క ఇది: మన కోడే పెంచే స్థానానికి మాస్క్ చాలు. పరికరం చెప్పిన స్థానానికి ముందు చెక్ పెట్టాలి, తప్పయితే పరికరాన్ని రీసెట్ చేయాలి, మాస్క్ ఆ తర్వాత. పరికరం పిచ్చి అంకె చెబుతుంటే దాన్ని మడిచి వాడుకోవడం కన్నా ఆపేయడం మేలు.

అడుగు 7: ఒకసారి చదవండి, చదివినదాన్నే నమ్మండి

యూజర్ మెమరీ నుంచి హెడర్ తెచ్చి పొడవు చెక్ చేసి, తర్వాత మొత్తం డేటాతో పాటు హెడర్‌ని మళ్లీ తెచ్చుకోవడం పాత అలవాటు. రెండు చదవడాల మధ్యలో ఇంకో థ్రెడ్ ఆ పొడవుని మార్చేస్తే మీ చెక్ చెల్లదు. డీఎంఏ మెమరీ (పరికరం సూటిగా రాయగల మెమరీ) కూడా అంతే, అటువైపు నుంచి పరికరం రాస్తూనే ఉంటుంది. లెక్కని లోకల్ వేరియబుల్‌లోకి ఒక్కసారి తెచ్చుకోండి. పంచుకున్న మెమరీ అయితే రీడ్_వన్స్‌తో తెచ్చుకోండి, లేదంటే కంపైలర్ తన ఇష్టానికి రెండుసార్లు చదవొచ్చు. ఆ లోకల్ వేరియబుల్‌నే చెక్ చేసి, దాన్నే వాడండి.

ఒక చిన్న అనుబంధం. ఇండెక్స్ యూజర్ చేతిలో ఉంటే చెక్ సరిగ్గా ఉన్నా ప్రాసెసర్ ఊహించి ముందుకు పరిగెత్తి హద్దు అవతల చదివే ప్రమాదం ఉందని 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపంతో తెలిసింది. చెక్ తర్వాత అర్రే_ఇండెక్స్_నోస్పెక్ గుండా ఇండెక్స్‌ని పంపితే ఆ ఊహలో కూడా అది హద్దు దాటదు. ప్రతి అర్రేకీ అక్కర్లేదు, ఐఆక్టల్ నుంచి వచ్చిన ఇండెక్స్‌లకి పెట్టండి.

అడుగు 8: చెక్ తప్పితే ఏం చేయాలి

బగ్_ఆన్ పెట్టకండి. ఒక చెడ్డ ప్యాకెట్ వచ్చిందని మొత్తం మెషీన్ని చంపడం న్యాయం కాదు. వార్న్_ఆన్ కూడా ఆలోచించి పెట్టండి, హెచ్చరిక వస్తే ఆగిపోయేట్టు సెట్ చేసుకున్న సర్వర్లు ఉంటాయి. యూజరో పరికరమో కావాలని రప్పించగల పరిస్థితికి వార్న్ పనికిరాదు, అది మన కోడ్‌లో మనమే ఊహించని తప్పు కోసం. యూజర్ తప్పుకి మైనస్ ఈఇన్వాల్, పరికరం తప్పుకి మైనస్ ఈప్రోటో లేదా ఈఐఓ ఇచ్చి, లాగ్‌లో ఒక లైన్ రాయండి. ఆ లైన్‌కి రేట్‌లిమిట్ (ఇంత సమయంలో ఇన్నిసార్లే అనే పరిమితి) ఉండాలి. నా చార్జర్ కథలో మొదటి మరమ్మతుకి అది లేదు. సెకనుకి వంద ఇంటరప్ట్‌లు, వంద లైన్లు, సీరియల్ కన్సోల్ ఊపిరాడక ఈసారి బోర్డు వేరే కారణంతో ఆగిపోయింది.

అడుగు 9: పట్టుకునే పనిముట్లు

ఇంత రాసినా ఏదో ఒకటి తప్పించుకుంటుంది. అది ఎందుకు కనబడదో ముందు తెలుసుకోండి. కేమాలాక్‌ని 40 బైట్లు అడిగితే తన దగ్గరున్న 64 బైట్ల డబ్బా ఇస్తుంది. మీరు 24 బైట్లు దాటి రాసినా ఎవరికీ ఏమీ కాదు. ఎప్పుడో ఒక ఫీల్డు చేర్చి స్ట్రక్చర్ 64 అయినరోజు, ఏళ్లనాటి తప్పు ఒక్కసారి లేచి కూర్చుంటుంది.

కేఏసాన్ అనే కెర్నెల్ పనిముట్టు ఈ గుట్టు విప్పుతుంది. ప్రతి 8 బైట్లకీ 1 బైట్ నీడ మెమరీ పెట్టి, మీరు అడిగిన 40 మాత్రమే మీవని గుర్తుపెట్టుకుంటుంది. ర్యామ్‌లో ఎనిమిదో వంతు పోతుంది, వేగం తగ్గుతుంది, కాబట్టి టెస్ట్ బిల్డుకే. రిపోర్టు వచ్చినప్పుడు కొత్తవాళ్లు స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) చూసి కంగారుపడతారు. మీరు ముందు చదవాల్సింది, చెడ్డ చిరునామా ఫలానా సైజు ప్రాంతానికి 'కుడివైపు ఎన్ని బైట్ల దూరం' అని చెప్పే లైను. కుడివైపు 0 బైట్లు అంటే సరిగ్గా చివర దాటిన మొదటి బైట్, సమానం గుర్తు పోయిందన్నమాట. ఒక స్ట్రక్చర్ సైజుకి గుణిజంగా ఉంటే లెక్క తప్పింది. ఎక్కడో వేల బైట్ల దూరమైతే అంకె బయటి నుంచి చెత్తగా వచ్చింది. స్టాక్ చూడకముందే సగం సంగతి అక్కడ తెలుస్తుంది.

సైజు తెలిసిన అర్రేలకి యూబీసాన్ బౌండ్స్ అనే తనిఖీ ఆన్ చేయండి, కౌంటెడ్_బై పెట్టిన ఫలితం ఇక్కడే దక్కుతుంది. మెమ్‌కాపీ, స్ట్రింగ్ ఫంక్షన్లకి ఫోర్టిఫై_సోర్స్ కాపలా కాస్తుంది, ప్రొడక్షన్‌లోనూ ఉంచుకోవచ్చు. ప్రొడక్షన్‌కి ఇంకోటి కేఫెన్స్. అది అన్నిటినీ కాకుండా, డిఫాల్టుగా 100 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున కొన్ని మెమరీ ముక్కల్ని మాత్రం కంచె వేసిన పేజీల్లో ఉంచి గమనిస్తుంది. ఒక్క మెషీన్లో దొరకడం అదృష్టం, వెయ్యి మెషీన్లలో నడిస్తే ఏదో ఒకదానిలో దొరుకుతుంది.

అయితే ఏ పనిముట్టైనా కోడ్ ఆ తప్పు దారిలో నడిస్తేనే పట్టుకుంటుంది. బల్ల మీద ఐదు వేళ్లు పెట్టి టెస్ట్ చేస్తే 15 ఎప్పుడూ రాదు. అందుకని ప్యాకెట్ విప్పే కోడ్‌ని ఐటూసీ చదివే కోడ్ నుంచి విడదీయండి. ఆ ఫంక్షన్‌కి ఒక బఫర్, దాని పొడవు, నింపాల్సిన అర్రే, దాని సైజు మాత్రమే తెలియాలి. అప్పుడు కేయూనిట్ అనే కెర్నెల్ టెస్ట్ వ్యవస్థలో, అసలు చిప్పే లేకుండా, మొదటి బైట్‌లో 0 నుంచి 255 దాకా అన్ని విలువలూ పెట్టి కేఏసాన్ కెర్నెల్ మీద తిప్పొచ్చు. ఐడీ బైట్‌కి కూడా అదే లూప్. 31కి బదులు 30 బైట్లే వస్తే? 1 బైట్ వస్తే? అసలేమీ రాకపోతే? ఈ టెస్టులు రాయడానికి ఒక పూట చాలు. యూఎస్‌బీ డ్రైవర్ అయితే డమ్మీ_హెచ్‌సీడీ, రా గాడ్జెట్ కలిపి దొంగ పరికరాన్ని మెషీన్ లోపలే సృష్టించి సిజ్‌కాలర్‌కి అప్పగించొచ్చు.

సీ బదులు రస్ట్ భాషలో రాస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని అడుగుతారు. 6.1 వెర్షన్ నుంచి కెర్నెల్‌లో రస్ట్‌కి చోటుంది. రస్ట్ హద్దు దాటనివ్వదు, నిజం. కానీ బ్రాకెట్లతో ఇండెక్స్ చేస్తే దాటబోయినప్పుడు ప్యానిక్ అవుతుంది, కెర్నెల్‌లో ప్యానిక్ అంటే మళ్లీ మెషీన్ ఆగడమే. అక్కడ కూడా గెట్ వాడి, లేకపోతే ఏం చేయాలో మీరే రాయాలి. 21వ విస్తరి లేదని చెప్పేవాడు దొరుకుతాడు గానీ, వచ్చిన 21వ మనిషికి ఏం చెప్పాలో అతను చెప్పడు.

చివరి అడుగు: పాత కెర్నెళ్లు

తప్పు దొరికి సరిదిద్దాక ప్యాచ్‌లో ఫిక్సెస్ ట్యాగ్ పెట్టి, ఏ కమిట్‌తో (కోడ్‌లో నమోదైన మార్పుతో) అది లోపలికి వచ్చిందో రాయండి. పాత వెర్షన్లకి మరమ్మతులు చేర్చే స్టేబుల్ బృందం మెయిలింగ్ చిరునామాని సీసీలో చేర్చండి. మీ డ్రైవర్ వాడే ఫోన్లు, రూటర్లు, బోర్డులు తాజా కెర్నెల్ మీద ఉండవు. ఎన్నో ఏళ్ల కిందటి లాంగ్‌టర్మ్ వెర్షన్ల మీదే ఉంటాయి. కమిట్ తెలియాలంటే గిట్ బ్లేమ్‌తో వెనక్కి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ లైన్ మొదట రాసినవాడి పేరు కూడా కనబడుతుంది. నా చార్జర్ కథలో అక్కడ ఉన్నది నా పేరే.